నేను తగ్గించిన పద్నాలుగేళ్ళు

ముసలివాళ్ళ ఆరోగ్యం గురించి సర్వే చేయడానికి చేతిలో టాబ్ పట్టుకుని మా వీధిలోకి వచ్చే పిల్లల్ని ఈమధ్య తరచూ చూస్తున్నాను. గడప దగ్గర నిలబడి మొదట అడిగేది వయసు. కార్డు చూపించమంటారు, రెండంకెలు కొడతారు, తర్వాతి ప్రశ్నకు పోతారు. ఆ రెండంకెలు ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఒక్కరూ అడగరు. నా ఉద్యోగంలో నేనూ అడగలేదు. నేను అడగాల్సిన పనీ లేదు, రాసిన చెయ్యి నాదే కనుక. ఆ సంగతి మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఊరి పేరూ మనుషుల పేర్లూ రాయను. ఎందుకు రాయలేదో చివరికి మీకే తెలుస్తుంది.

మాది మదురై నుంచి కంబం పోయే దారిలో ఒక చిన్న మునిసిపాలిటీ. ఊరి అంచున, వీధులు ఊడ్చేవాళ్ళకూ కాలవలు తీసేవాళ్ళకూ కట్టించిన వరుస ఇళ్ళు. మా పెద్దలు ఎన్ని తరాల కింద ఇక్కడికి వచ్చారో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అందరికీ నోట్లోనే ఉంది, అక్షరాలు ఎవరికీ రావు. నేను ఐదో తరగతి దాకా అరవంలో చదివి మానేశాను. తెలుగు అక్షరాలు మా చర్చిలో ఎవరూ తెరవక చెదలు పడుతున్న కీర్తనల పుస్తకంలో నేర్చుకున్నాను. పాట ముందే నోటికి వచ్చు కాబట్టి, ఏ గుర్తు ఏ శబ్దమో పోల్చుకుంటూ పోయాను. రెండేళ్ళు పట్టింది. నేర్చుకున్నాక చూస్తే, కాలనీ మొత్తానికి తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. దాని వల్ల ఏ ప్రయోజనమూ ఉండదని అందరూ అన్నారు. ఒకే ఒక్కసారి ఉపయోగపడింది. అదీ చెప్తాను.

అరవంలో అర్జీలు రాసేది కూడా నేనే. నాకు ముప్ఫై మూడేళ్ళప్పుడు ఒక కబురు వచ్చింది. ఏళ్ళ తరబడి దినకూలీకి పని చేస్తున్నవాళ్ళను పర్మనెంట్ చేస్తారట, కానీ ముప్ఫై దాటి ఉండకూడదట. కాలనీలో సగానికి పైగా ముప్ఫై దాటినవాళ్ళే. పుట్టిన తేదీ కాగితం ఒక్కరికీ లేదు. వైగైలో నీళ్ళు గట్టు దాటిన ఏడు పుట్టాడు, వాళ్ళ తాత పోయిన ఏడు పుట్టింది, ఇదే మా లెక్క. వయసు ధ్రువీకరించే డాక్టరు ఒకాయన వరసగా నిలబెట్టి నోట్లోకి చూసి, కాగితంలో ఏముంటే దానికి సంతకం పెడతాడని తెలిసింది. ఇక కాగితంలో ఏముండాలన్నది నా చేతిలోకి వచ్చింది.

ఇంటి ముందు చెక్క పెట్టె బోర్లించి దాని మీద రాశాను. మా అమ్మ చివరి చెల్లెలు, నాకంటే ఐదేళ్ళే పెద్దది, మా చిన్నమ్మ, వరసలో నిలబడింది. ముప్ఫై ఎనిమిది నిండిన మనిషి.

"ఎంత వేస్తావురా అబ్బయ్యా?" అంది.

"ఇరవై నాలుగు వేస్తా చిన్నమ్మా."

"పద్నాలుగేళ్ళు ఎగరగొట్టావే. అన్నేళ్ళూ నేను యాడ ఉంటినంట?"

"ఈడనే, వీధి ఊడస్తా ఉంటివి. ఎవురూ చూడలే, అంతే."

వరసంతా నవ్వింది. చిన్నమ్మ కూడా నవ్వింది. ఇరవై తొమ్మిది వేస్తే చాలు, ఉద్యోగం వచ్చేది. కానీ ఎంత తగ్గిస్తే అన్నాళ్ళు ఎక్కువ పని ఉంటుంది కదా అని నేనే చెయ్యి జారవిడిచాను. దగ్గరివాళ్ళకు ఎక్కువ తగ్గించాను. నాకు నేను ఎనిమిదేళ్ళు తగ్గించుకున్నాను. ఆ రోజు ఇంటింటా నాకు టీ ఇచ్చారు. మనుషులకు ఆయుష్షు పంచినట్టే అనిపించింది.

తర్వాత ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగం గురించి మీకు చెప్పడానికి పెద్దగా లేదు. దోమల మందు కొట్టాను. చేతిరాత బాగుందని ఆరోగ్య విభాగంలో ఫారాలు నింపే పనికి మార్చారు. నేను చెప్పబోయేది నా చివరి సంవత్సరం. కాగితం మీద నాకు యాభై తొమ్మిది, ఒంటి మీద అరవై ఏడు.

ఆ ఏడు మా ఊరికి ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆరోగ్య అధికారిగా వచ్చింది. పెద్దవాళ్ళు మంచం పట్టకుండా, పడిపోకుండా, కళ్ళు పోగొట్టుకోకుండా ఉండాలంటే ముందే ఏర్పాటు చేసుకోవాలి, జబ్బు వచ్చాక మాత్రలిస్తే చాలదు అనేది. ఆ మాట అంతకు ముందు మా ఆఫీసులో ఎవరి నోటా వినలేదు. ఆమె దగ్గర ఒక పథకం ఉంది. అరవై దాటినవాళ్ళకు ఒక కేంద్రం. అక్కడ కన్ను, చెవి, చక్కెర, రక్తపోటు చూస్తారు. మోకాళ్ళకు వ్యాయామం చేయిస్తారు. పట్టుకుని నడవడానికి కమ్మీ ఉన్న బాట వేస్తారు. పొర వచ్చిన కళ్ళవాళ్ళను నెలకోసారి బండిలో మదురై తీసుకుపోతారు. లేవలేనివాళ్ళ ఇంటికి నర్సు వస్తుంది. కానీ ఊరికి ఒక్క కేంద్రమే మంజూరు. ఏ వార్డులో అరవై దాటినవాళ్ళు ఎక్కువో ఆ వార్డుకు. నర్సు తిరిగేది కూడా అరవై దాటినవాళ్ళ ఇళ్ళకే.

మా కాలనీ సర్వే నాకే ఇచ్చారు. మా భాష వచ్చు, మా వాళ్ళు నాకు అబద్ధం చెప్పరు అని.

చిన్నమ్మ ఇంటికి పొద్దున పని ముగించుకుని వచ్చే వేళకు వెళ్ళాను. కొడుకు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. కోడలు, ఇద్దరు మనవరాళ్ళు, ఆమె. గడప మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఎవురది, అబ్బయ్యవా? చెప్పుల సప్పుడు నీదే."

కళ్ళు రెండూ పాలు పోసినట్టున్నాయి. మూడేళ్ళుగా ఆమె వీధిని చూసి ఊడవడం లేదు, జ్ఞాపకం పెట్టుకుని ఊడుస్తోంది. మా దగ్గర ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా ఊడుస్తారు. జతగత్తె కాలవ వైపు తీసుకుని, ఈమెను గోడ వైపు పెట్టేది, అడుగు తప్పితే గోడ తగులుతుందని. హాజరుకు వేలిముద్ర మిషన్ పెట్టిన రోజు అది ఈమె వేలిని ఒప్పుకోలేదు. పది వేళ్ళూ పెట్టి చూశారు. చీపురు పిడికి గీతలు అరిగిపోయి, వేలి కొనలు గాజులా నున్నగా ఉన్నాయి. చివరికి ఊడ్చేవాళ్ళ హాజరు చూసే మేస్త్రీ ఆమెకు మాత్రం మొహం ఫొటో తీసి పంపించేవాడు. ఊడ్చిన వీధికీ ఫొటో, ఊడ్చిన మనిషికీ ఫొటో. ఆ మిషన్‌కు తెలిసినపాటి నిజం కూడా మా ఫారంలో పట్టలేదు.

"వయసు," అన్నాను, కార్డు చూస్తూ.

"నువ్వు వేసిందే ఉండాది, చూసుకో."

యాభై ఎనిమిది.

"కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేస్తావా?"

"చెయ్యి ఆనించి లేస్తేనే ముట్టి సంత చేస్తాది." మోకాలి మీద చరుచుకుంది. "ఇంకెన్నాళ్ళురా నాకు?"

"రిటైరు కావడానికా? రెండేళ్ళు."

"రెండేళ్ళలో పోతే కోడలికి వేలై వస్తాది. రిటైరయినాక పోతే ఎవురికి లాభం? దేవుడికి ఆ మాట ఎట్లా చెప్పేది, చెప్పు."

లోపల నుంచి కోడలు, "అట్లా మాట్లాడొద్దు అత్తా," అంది. విసుగు లేదు, వినీ వినీ అలవాటైన గొంతు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఆ వేలై, అంటే ఆ పని, ఇస్తారు. మా కాలనీలో చాలా ఇళ్ళ పొయ్యి ఆ నియమం మీదే వెలుగుతుంది.

నేను ఫారం నింపాను. అరవై లోపు కనుక తర్వాతి నాలుగు పేజీలు అవసరం లేదని దానిలోనే అచ్చయి ఉంది. కన్ను, మోకాలు, పడిపోవడం, ఒంటరితనం, అన్నీ ఆ నాలుగు పేజీల్లోనే ఉన్నాయి. ఇలా కాలనీలో ఇంటింటికీ ఒక పేజీ రాసి ముగించాను. వంగిపోయినవాళ్ళు, చెవులు పోయినవాళ్ళు, గోడ పట్టుకుని నడిచేవాళ్ళు, అందరూ నా రాతలో నడివయసువాళ్ళే.

లెక్కలు తేలిన రోజు మీటింగు. డాక్టరమ్మ గోడ మీద ఊరి పటం వేసింది. వార్డుకొక చుక్క. ముసలివాళ్ళు ఎంత ఎక్కువైతే చుక్క అంత పెద్దది. పాత ఉద్యోగస్తులూ వ్యాపారులూ ఉండే పెద్ద వీధి వార్డుకు పళ్ళెమంత చుక్క. మా కాలనీకి కందిబేడంత.

ఆమె ఆ చిన్న చుక్కనే చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇక్కడ ముసలివాళ్ళు ఇంత తక్కువా? మనుషులు ముందే పోతున్నారా? మీరు అక్కడివాళ్ళే కదా. ఈ లెక్క సరిగ్గా ఉందా?"

నా పక్కన మేస్త్రీ కూర్చున్నాడు. మా కాలనీవాడే, నా రాతతోనే ఉద్యోగం వచ్చినవాడు. ఆమెకు తెలియకూడదని తెలుగులో, పెదవులు కదలకుండా అన్నాడు.

"అణ్ణా, ఆ పాత కథ ఎత్తొద్దు. ఎత్తితే అందురి వేలై పోతాది. నీ పింఛను కూడా."

అతను చెప్పింది అబద్ధం కాదు. తప్పుడు వయసుతో చేరారని తేలితే ఎవరినైనా తీసేయొచ్చు. నేను లేచి నిలబడ్డాను. ఆమె నా జవాబు కోసం పెన్ను పట్టుకుని ఉంది. మా ఊరికి వచ్చిన అధికారుల్లో, నన్ను ఏదైనా ప్రశ్న అడిగి జవాబు రాసుకోవడానికి పెన్ను పట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

"సరిగ్గానే ఉంది మేడమ్," అన్నాను.

కేంద్రం పెద్ద వీధికి పోయింది.

నేను ఎన్నో తప్పులు చేశాను. పెట్టె మీద కూర్చుని పద్నాలుగేళ్ళు తగ్గించినది వాటిలో ఒకటి, కానీ అది తెలియక చేసింది. ఇది తెలిసి చేసింది. ఇది చదివే పిల్లలూ, రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

పెద్ద వీధి ఎవరి బీటో చెప్పాలా? చిన్నమ్మదే. కేంద్రం తెరిచిన దగ్గర నుంచి ఆమె పొద్దున్నే మొదట ఊడ్చేది ఆ కమ్మీ ఉన్న బాట. ఆకు ఒక్కటి మిగలకూడదు, పెద్దవాళ్ళు జారతారు అని మేస్త్రీకి ఆర్డరు. ఆరున్నరకు నడవడానికి వచ్చేవాళ్ళలో అరవై ఒకటి, అరవై రెండు ఏళ్ళవాళ్ళు ఉండేవారు. తెల్ల బూట్లు. వాళ్ళు వచ్చేలోపు డెబ్బై రెండేళ్ళ మనిషి కళ్ళు కనబడకుండా వాళ్ళ బాట ఊడ్చి పక్కకు తప్పుకునేది.

కేంద్రంలో పేర్లు రాసే బల్ల దగ్గర నన్నే కూర్చోబెట్టారు. ఒక రోజు పని ముగించుకుని చీపురు బయట ఆనించి లోపలికి వచ్చింది. చేతితో బల్ల అంచు తడుముకుంది.

"నాకూ కన్ను చూపించు అబ్బయ్యా. నెలకోసారి మదురైకి బండి పోతాదంట. ఈసారి ఎక్కతా."

వెనక వరసలో ఆరుగురు నిలబడి ఉన్నారు. కార్డు తీసి నా చేతిలో పెట్టింది. అంకె కొట్టాను. అరవై నిండాలి అని తెర మీద ఎర్రగా వచ్చింది.

"ఏమంటాది?" అంది.

"వయసు చాలదంటాది చిన్నమ్మా."

ఆమె కార్డు కోసం చెయ్యి చాపింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉంటే నాకు సులభంగా ఉండేది. లేదు.

"నువ్వు రాసిందే కదరా. పరవాయిల్లే. ఇంకా రెండేళ్ళు కుర్రదాన్ని."

వేరే ఆస్పత్రికి, మామూలు వరసలో, నేను తీసుకుపోయి ఉండొచ్చు. మదురై బస్సెక్కించి మాట్టుతావణి బస్టాండులో దింపి ఆటోలో తీసుకుపోతే ఒక రోజు పని. వచ్చే వారం, వచ్చే వారం అనుకున్నాను. ఆమెకు సెలవు దొరకాలి, నాకు సెలవు దొరకాలి. ఈ మాట సాకుగా చెప్పడం లేదు. జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

ఐదు వారాల తర్వాత ఆ బాట మీదే పడింది. ముందు రోజు కమ్మీకి రంగు వేసి, డబ్బా పక్కకు తీయకుండా పోయారు. ఆమె జ్ఞాపకంలో ఆ డబ్బా లేదు. తుంటి విరిగింది. జతగత్తె కేకలు వేస్తే తెల్ల బూట్లవాళ్ళే పరిగెత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. మేస్త్రీ వ్యాను తెచ్చాడు. మదురై పెద్దాస్పత్రిలో ఆపరేషన్ చేశారు. వాళ్ళు చేయగలిగినది చేశారు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే పట్టుకుని, కాగితం చూసి, మళ్ళీ ఎక్స్‌రే చూసి, "యాభై ఎనిమిదా?" అని నన్నడిగాడు. నేను తల ఊపాను. తెలిసి అబద్ధం చెప్పడం అది రెండోసారి.

ఆ సాయంత్రమే ఊరికి తిరిగి వచ్చి డాక్టరమ్మ గదికి వెళ్ళాను. అంతా చెప్పాను. పెట్టె, వరస, నోట్లోకి చూసిన డాక్టరు, మీటింగులో నా జవాబు. ఆమె లేచి తలుపు వేసి వచ్చింది.

"ఎంతమందికి ఇలా ఉంది?"

"పాతవాళ్ళందరికీ మేడమ్. నాతో సహా."

"ఇది మీరు రాసిస్తే నేను పైకి పంపాలి. పంపితే వాళ్ళు చేసేది కేంద్రం పెట్టడం కాదు, విచారణ పెట్టడం. మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"రాసివ్వకపోతే, కాగితంలో లేని ముసలివాళ్ళకు నేను ఏం చేయగలను? మీటింగులో అడిగాను కదండీ," అంది. గొంతు పెంచలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె ఊరుకోలేదు. వయసు గడి కింద కొత్త వాక్యం ఒకటి చేర్చింది: వయసు ఎంతైనా సరే, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేనివాళ్ళను పెద్దల జాబితాలో చేర్చవచ్చు. ఎవరి ఉద్యోగమూ పోదు, ఎవరి అబద్ధమూ బయటపడదు. ఒక కుర్చీ చాలు. ముప్ఫై నాలుగేళ్ళలో నా బుర్రకు తట్టని మాట అది. ఆ ఫారం పైనుంచి తిరిగి వచ్చింది, ఆ వాక్యం మీద అడ్డగీత కొట్టి. అరవై అంటే అరవై. ఆరు నెలలకు ఆమెను వేరే జిల్లాకు మార్చారు.

చిన్నమ్మను ఇంటికి తెచ్చాక మంచం మీదే. పక్క వీధిలో ఒక షావుకారు ఇంటికి నర్సు వారానికి రెండుసార్లు వచ్చేది. బతిమాలితే ఒకసారి చిన్నమ్మను చూసి, వీపు మీద పుండ్లు కడిగి, కోడలికి ఎలా తిప్పి పడుకోబెట్టాలో చూపించింది. మంచి పిల్ల. కానీ చూసినట్టు టాబ్‌లో ఎక్కించడానికి వీల్లేదు, ఎక్కని ఇంటికి రెండోసారి రావడానికి వీల్లేదు.

నేను రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి.

"ఇంకెన్నాళ్ళురా?" అనేది.

"ఏడాది మీద నాలుగు నెలలు."

"అన్నాళ్ళు పట్టదులే," అనేది, కోడలికి వినబడకుండా.

పట్టలేదు. మూడో నెలలో కఫం పట్టి పోయింది. ఉద్యోగంలో ఉండగానే.

సమాధి మీద పెట్టే చెక్క సిలువకు పేరు రాయడం మా కాలనీలో ఎప్పుడూ నా పనే. నల్ల రంగు వేసి ఆరబెట్టిన సిలువను కోడలు నా ముందు పెట్టింది. తెల్ల రంగు డబ్బా, సన్న కుంచె. మేస్త్రీ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. సిలువ ఫొటో తీసి కోడలి ఉద్యోగం అర్జీతో జతచేయాలట. మా ఆఫీసులో ఇప్పుడు చావుకైనా ఫొటో కావాలి.

పేరు అరవంలో రాశాను. పోయిన తేదీ రాశాను. కుంచె ఆగింది.

"ఎంత వేస్తావు బావా?" అంది కోడలు. తల వంచుకునే ఉంది. ఆమెకు అసలు వయసు తెలుసు. మనవరాళ్ళకు తెలుసు. అక్కడ నిలబడ్డ ప్రతి మనిషికీ తెలుసు.

"యాభై ఎనిమిది వెయ్యి అణ్ణా," అన్నాడు మేస్త్రీ మెల్లగా. "కాగితం ఒకటి, సిలువ ఒకటి అయితే ఆ బిడ్డ నోట్లో మన్నే."

యాభై ఎనిమిది వేశాను.

తర్వాత, ఎవరూ చెప్పకుండానే, సిలువ అడుగున, మట్టిలోకి పోయే భాగానికి కాస్త పైన, తెలుగు అక్షరాల్లో ఇంకో మాట రాశాను: డెబ్బై రెండేళ్ళు బతికింది. అంతా చూస్తూనే ఉన్నారు. ఒక్కరికీ చదవడం రాదు.

"అడుగున అదేంటి అణ్ణా?" అన్నాడు మేస్త్రీ.

"వాక్యం," అన్నాను. సిలువ మీద బైబిలు వాక్యం రాయడం మాకు మామూలే.

"ఆమెన్," అని అతను ఫోను ఎత్తి, అడుగు దాకా పడేలా రెండడుగులు వెనక్కి జరిగి ఫొటో తీశాడు.

కోడలికి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు పెద్ద వీధి ఆమె ఊడుస్తోంది. సిలువను రెండు వానలకే చెదలు పట్టింది. ఆ ఫొటో మాత్రం ఆఫీసు ఫైలులో, అధికారి సంతకం కింద, ముద్ర పడి ఉంది.